దింపుడు కళ్లం

కీసర టోల్‌గేటు ఇంకో రెండు కిలోమీటర్లుందనగా టెంపరేచర్ ముల్లు పైకి లేచింది. రోహిణి కార్తె, మధ్యాహ్నం రెండు గంటల వేళ. హైదరాబాదు నుంచి బెజవాడ వస్తున్నాం. ఇంత ఎండలో మనుషులకే కుదురు లేదు, ముల్లుకేం ఉంటుందిలే అనుకున్నాను. ఏసీ కట్టేసి అద్దాలు దించాను. మా ఆవిడ కొంగు తలమీదికి లాక్కుంది. ఓ నిమిషం గడిచిందో లేదో, ముల్లు దానంతటదే కిందికి దిగింది.

"చూశావా, తగ్గింది" అన్నాను.

ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ముల్లు దిగింది ఇంజన్ చల్లబడి కాదు, లోపల నీళ్లు అయిపోయి. సెన్సరు నీళ్లలో మునిగి ఉన్నంతసేపే నీళ్ల వేడి చెబుతుంది. నీళ్లు పోయాక గాలిలో మిగిలిపోయి, దానికి తోచిందేదో చూపిస్తుంది. నాడి దొరక్కపోతే జ్వరం తగ్గిందని సంబరపడ్డట్టు, నేను ఆక్సిలరేటర్ మరి కాస్త తొక్కాను. టోల్‌గేటు కనపడుతుండగా బండి ఒకసారి మూలిగి, ఎవరో వెనకనుంచి పట్టి లాగినట్టు ఆగిపోయింది.

ఆ తర్వాత చేసింది ఇంకా ఘనకార్యం. బానెట్ ఎత్తి, తాగడానికి తెచ్చుకున్న రెండు సీసాల చల్లటి నీళ్లూ ఆ పొగల్లో గుమ్మరించాను. కాలిన పెనం మీద నీళ్లు చల్లినట్టు చుయ్యిమంది. మండుతున్న ఇనుం మీద చన్నీళ్లు పోస్తే పగులుతుందని ఎనిమిదో తరగతిలో చదివే ఉంటాను. రోడ్డు పక్కన చదువులు గుర్తుకు రావు.

కారు 2010 ఆగస్టులో కొన్న స్విఫ్ట్ డీజిల్. అప్పట్లో పెట్రోలుకీ డీజిల్‌కీ ధరలో చాలా తేడా ఉండేది. ఆ తేడా మీద ఆశతో ఊరంతా డీజిల్ బండ్లే కొంది, అందులో మేమూ ఉన్నాం. 1,68,000 కిలోమీటర్లు తిరిగింది. కారు జపాన్ వాళ్లదే గాని లోపలున్న 1248 సీసీ ఇంజన్ ఇటలీ ఫియట్ వాళ్లది. లైసెన్సు తీసుకుని మానేసర్‌లో తయారు చేసేవారు. డిజైర్లో అదే, రిట్జ్‌లో అదే, ఇండికా విస్టాలోనూ పుంటోలోనూ అదే. కార్ల పత్రికల వాళ్లు దాన్ని ఎగతాళీ మెచ్చుకోలూ కలిపి "భారత జాతీయ ఇంజన్" అనేవారు. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చేసరికి మారుతీ డీజిల్ కార్లే మానేసింది. అయినా బెజవాడ ఆటోనగర్‌లో ఈ ఇంజన్‌కి కావలసిన ముక్క లేదనే కొట్టు మాత్రం నాకు తగల్లేదు.

ఆ ఆటోనగర్‌కే కారుని టోయింగ్ బండి మీద ఎక్కించి తెచ్చాం. తెలిసిన మేస్త్రి ఒకాయన ఉన్నారు. అరవై దాటినా కళ్లజోడు లేకుండా స్క్రూల నంబర్లు చదువుతారు. ఆయన బండి చుట్టూ తిరగలేదు, స్టార్ట్ చేయమనీ అనలేదు. ఆయిల్ మూత విప్పి, మూత లోపలి వైపు నా కళ్ల ముందు పెట్టారు. నల్లగా ఉండాల్సిన చోట పాలు ఎక్కువైన కాఫీ రంగులో మీగడలాంటిది అంటుకుని ఉంది.

"ఆయిల్లో నీళ్లు కలిశాయి సార్."

"అంటే ఇంజన్ పోయినట్టేనా?"

"విప్పితేగానీ చెప్పలేం."

ఈ మాట ఇంతకుముందు చాలాసార్లు విన్నాను, డాక్టర్ల దగ్గరా ఇల్లు కట్టే మేస్త్రుల దగ్గరా. విన్న ప్రతిసారీ ఎదుటివాడు జేబులో చెయ్యి పెడుతున్నట్టే అనిపించేది. ఈసారి ఆయన పక్కన స్టూలు మీద కూర్చుని, ఎందుకు చెప్పలేరో చెప్పారు. ఈ ఇంజన్‌లో కింది బ్లాకు పోత ఇనుం, పైన హెడ్ అల్యూమినియం. వేడికి ఇనుం ఒకంతు సాగితే అల్యూమినియం దాదాపు రెండింతలు సాగుతుంది. బోల్టులేమో దాన్ని చుట్టూ బిగించి ఉంచాయి. సాగడానికి చోటు లేనిది వంగుతుంది. హెడ్ వంగితే మధ్యలో గ్యాస్కెట్ పోతుంది, నీళ్లు ఆయిల్లోకి పోతాయి. కథ అక్కడితో ఆగితే తక్కువలో బయటపడ్డట్టు. నీళ్లు లేకుండా ఇంకా ఎంత దూరం తోలారన్నదే అసలు ప్రశ్న. పిస్టన్ ఉబ్బి సిలిండరు గోడని గీకి ఉంటే అది వేరే కథ.

"ఎంత దూరం వచ్చారు సార్, ముల్లు లేచాక?"

"ఓ కిలోమీటరు" అన్నాను. మా ఆవిడ నా వంక చూసింది. "రెండు" అని దిద్దుకున్నాను.

విప్పకుండా తెలుసుకోగలిగింది కాస్త ఉంది, అది చేశారు. గ్లో ప్లగ్గులు ఊడదీసి, ఒక్కో సిలిండరుకీ కంప్రెషన్ గేజి పెట్టి చూశారు. ఒకటీ నాలుగూ బాగానే ఉన్నాయి. రెండూ మూడూ పడిపోయాయి. పక్కపక్కనున్న రెండూ ఒకేసారి తగ్గాయంటే వాటి మధ్య గ్యాస్కెట్ పోయి ఒకదాని ఊపిరి ఇంకోదాంట్లోకి పోతోందన్నమాట. నాకు ప్రాణం లేచొచ్చింది. గ్యాస్కెట్ అంటే రేకు ముక్కే కదా! "గ్యాస్కెట్ ఒక్కటేనా, మూడోదాంట్లో ఇంకేమైనా ఉందా అన్నది గేజి చెప్పదు సార్" అని ఆయన నా ప్రాణాన్ని మళ్లీ దాని చోట పెట్టారు.

ఇక లెక్కలు. హెడ్ వరకే అయితే లేత్‌లో ఫేసింగు, గ్యాస్కెట్ సెట్టు, వాటర్ పంపు, మజూరీ అన్నీ కలిపి 32 వేలు. ఇంజన్ దించి బోరింగు, పిస్టన్లు, రింగులు, బేరింగులు, మొత్తం కడితే 95 వేలు. పాత ఇంజన్ తెచ్చి వేస్తే 55 వేలు, బిగింపు వేరే. ఏమీ చేయకుండా ఉన్నదున్నట్టు ఇచ్చేస్తే 45 వేలకు తీసుకునేవాడు పక్క సందులోనే ఉన్నాడు. బాగున్న రోజుల్లో ఈ కారు మహా అయితే లక్షన్నర చేస్తుంది. దానికి తోడు ఆగస్టుకి ఆర్.సి.కి పదిహేనేళ్లు నిండుతాయి. రెన్యువల్ ఫీజు ఒకప్పుడు 600 ఉండేది, 2022 ఏప్రిల్ నుంచి 5,000. ఫిట్‌నెస్, గ్రీన్ టాక్సు అదనం.

పాత ఇంజన్ మాట వినగానే నాకు అదే మేలనిపించింది. చెన్నై పుదుపేటలో కార్ల గుండెకాయలు కుప్పలుగా పోసి అమ్ముతారని వినికిడి. మేస్త్రి తల అడ్డంగా ఊపారు. ఇంజన్ మారిస్తే నంబరు మారుతుంది, ఆర్.సి.లో ఎక్కించాలి, ఆ ఇంజన్ ఎవరిదో ఎక్కడిదో కాగితాలు కావాలి. "అది సరే సార్, బుడమేరు నీళ్లు తాగిన ఇంజన్ కాదని మనకి గ్యారంటీ ఎవడిస్తాడు?" అన్నారు.

అప్పటికి బెజవాడలో బుడమేరు వాగు ముంపు జరిగి తొమ్మిది నెలలు. 2024 సెప్టెంబరు 1న సింగ్‌నగర్ మునిగింది. నీళ్లు తీశాక ఆటోనగర్ సందుల్లో బురద కార్లు ఎలా బారులు తీరాయో కళ్లారా చూశాను. వాటిలో ఎన్నింటి ఇంజన్లు వరద నీటికి కాదు, యజమానుల ఆత్రానికి పోయాయో మేస్త్రి అప్పుడు చెప్పారు. నీళ్లు దిగగానే తాళం పెట్టి తిప్పారు. గాలి నొక్కితే నలుగుతుంది, నీళ్లు నలగవు. సిలిండర్లో నీళ్లుండగా పిస్టన్ పైకి లేస్తే వంగేది కనెక్టింగ్ రాడ్డే. మామూలు పాలసీ ఉన్నవాళ్లకి, మునిగాక స్టార్ట్ చేసి పాడుచేసుకున్న ఇంజన్‌కి డబ్బు రాదని కూడా ఆ వారంలోనే తెలిసింది. ముట్టుకోకుండా వదిలేసినవాళ్లు బాగుపడ్డారు. తెలుసుకోవాలన్న తొందరే చాలామంది కొంప ముంచింది.

ఇన్సూరెన్సు మాట వచ్చింది గనక ఒకటి చెప్పాలి, వాళ్లంటే నాకు కాస్త అసూయ. రిపేరు ఖర్చు పాలసీలో రాసిన బండి విలువ (ఐడీవీ)లో 75 శాతం దాటిందా, బండి పోయినట్టే అని రాసేసి ఫైలు మూసేస్తారు. వాళ్లకి గీత ఉంది. నాకు వాళ్ల డబ్బూ లేదు, ఎందుకంటే నీళ్లు లేక ఇంజన్ మాడటం యాక్సిడెంటు కిందికి రాదు. వాళ్ల గీతా లేదు.

గీత లేకపోతే ఏమవుతుందో మా పెద్ద బావగారి దగ్గర చూశాను. ఆయనది కదిరి దగ్గర పల్లె. మెట్ట చేలో బోరు వేయించారు. మూడు వందల అడుగులకి పడుతుందన్నారు, దుమ్ము లేచింది. ఇంకో వంద అన్నారు. నాలుగు వందల దగ్గర కాస్త తడి మట్టి వచ్చింది, అదే కొంప తీసింది. అయిదు వందల దగ్గర ఆపుదామని మా అక్క ఏడ్చింది. "ఇంత దించినాక ఇంకో వందకి ఏం వెనకాడతాం?" అని బావగారు ఆరున్నర వందల దాకా దించారు. ఆ గుంతలో కేసింగు పైపు ఇప్పటికీ ఉంది, నోటికి రాయి పెట్టి. బావగారిని మూర్ఖుడని నేను చాలా ఏళ్లు అనుకున్నాను. ఇంజన్ బోరు దగ్గర నిలబడ్డాకే పొలం బోరు అర్థమైంది నాకు.

ఇంట్లో రాత్రి లెక్క వేశాం. లక్షన్నర కారుకి 95 వేలు పెడతామా అని నేను మొదలెట్టాను. మా ఆవిడ ఆ లెక్కే తప్పంది. "దీన్ని అమ్మితే ఎంతొస్తుందో మనకెందుకండీ? అమ్మట్లేదుగా. ఇలాంటిది ఇంకోటి కొనాలంటే ఎంతవుతుందో చెప్పండి. అది ఎవరి చేతిలో ఎలా తిరిగిందో, దాని ముల్లు ఎన్నిసార్లు లేచిందో, అది కూడా కలపండి." నిజమే, మన కారు జబ్బులు మనకి తెలుసు. కొత్తగా వచ్చే పాత కారు జబ్బులు ఆరు నెలలకి గాని బయటపడవు. తెలిసిన రోగానికి కాస్త ఎక్కువిచ్చినా పరవాలేదని ఆవిడ వాదన. ఆడపడుచుల పెళ్లిళ్లప్పుడు కూడా ఆవిడ ఇదే వాదించింది, తెలిసిన సంబంధమే మేలని. అవి వేరే సంగతులు.

మర్నాడు మేస్త్రి ఇంకో మాట చెప్పారు. నలభై ఏళ్లు ఇంజన్లు విప్పినాయన చెప్పగలిగిన మాట అది. "ఎక్కడ ఆగాలో ఇప్పుడే అనుకుందాం సార్. విప్పాక మీ మాట నేను వినను. అప్పుడు మాట్లాడేది మీరు కాదు." షెడ్డు గోడకి నల్ల రంగు వేసిన చోట సుద్దముక్కతో మా కారు నంబరు చివరి నాలుగంకెలు రాసి, పక్కన ఎంత రాయమంటారన్నారు. మా ఆవిడా నేనూ చూపులతోనే మాట్లాడుకుని అరవై అన్నాం. ఆయన 60 అని రాసి, కింద గీత గీశారు. అరవై వేలు దాటేలా ఉంటే పని అక్కడితో ఆపు, కారు పక్క సందుకి. ఇన్సూరెన్సు వాళ్ల గీతలాంటిది నాకూ ఒకటి దొరికిందని తేలిగ్గా ఇంటికొచ్చాను.

మూడో రోజు హెడ్ విప్పారు. మేం వెళ్లేసరికి అది బల్లమీద గోనెపట్టా పరిచి బోర్లా పడుకోబెట్టి ఉంది. మేస్త్రి దాని మీద ఉక్కు బద్ద ఒకటి నిలబెట్టి, విసనకర్ర ఆకుల్లా ఉన్న ఫీలర్ గేజిలో పలచటి రేకొకటి విడదీసి బద్ద కిందికి తోశారు. చివరల్లో దూరలేదు. మధ్యలో వెన్నలో కత్తిలా పోయింది. "వెంట్రుక మందం" అన్నారు. రెండు కిలోమీటర్ల నా తెలివితేటలు వెంట్రుక మందాన వచ్చాయి. డీజిల్ హెడ్‌ని ఇష్టం వచ్చినంత చెక్కడానికి లేదు, ఎక్కువ చెక్కితే వాల్వులు దిగి పిస్టన్లకి తగులుతాయి. ఇది ఇంకా చెక్కదగ్గ వంకరే అన్నారు. తర్వాత లేత్ షాపుకి పంపి, నీళ్ల దారులన్నీ మూసి, లోపలికి గాలి కొట్టి వేణ్ణీళ్ల తొట్లో ముంచారు, పంక్చరు కుర్రాడు సైకిలు ట్యూబు ముంచినట్టే. బుడగ రాలేదు. నేను పోసిన రెండు సీసాల నీళ్లకి హెడ్ పగల్లేదు. దేవుడున్నాడనుకున్నాను.

ఇక బ్లాకు. నాలుగు సిలిండర్లూ పైకి నోళ్లు తెరుచుకుని ఉన్నాయి, ఒక్కోటీ ఏడు సెంటీమీటర్లయినా లేని బావి. కుర్రాడు గుడ్డతో తుడిచి సెల్‌ఫోను లైటు పట్టాడు. మూడోదాని గోడమీద నిలువుగా రెండు మూడు గీతలు.

"వేలు పెట్టి చూడండి సార్. గోటికి తగిలితే బోరుకెళ్లాలి. తగలకపోతే హోనింగుతో పోతుంది."

చూపుడు వేలి గోటిని గోడకి ఆనించి అడ్డంగా జరిపాను. ఆయిల్ చల్లగా ఉంది. గీతల మీద ఇటునుంచి అటు, అటునుంచి ఇటు. ఏమీ తగల్లేదు. ఒట్టేసి చెప్పగలను.

"తగల్లేదు."

మేస్త్రి ఏమీ అనలేదు. మా ఆవిడ ముందుకొచ్చి, గాజులు వెనక్కి తోసుకుని, తన గోరు పెట్టింది. ఒక్కసారి జరిపి చెయ్యి తీసేసింది. "టిక్కుమంటోందండీ, రెండుచోట్ల." నా గోళ్లు మొన్న ఆదివారమే తీసుకున్నానని అన్నాను. అది నిజమే. కానీ మళ్లీ పెట్టి చూస్తే నాకూ తగిలింది.

మూడో సిలిండరు ఒక్కదానికే స్లీవు వేయాలి. దానికి ఇంజన్ దించాలి. దించాక బేరింగులు చూడకుండా మళ్లీ ఎక్కించడం పాపం. మేస్త్రి వేళ్ల మీద లెక్కపెట్టి, ఇప్పటిదాకా అయిన 16 వేలూ కలిపి మొత్తం 78 అన్నారు. అని గోడ వంక చూశారు. నేనూ చూశాను. 60, దాని కింద గీత.

మాట ప్రకారం అక్కడ ఆగిపోవాలి. మా ఆవిడ బ్యాగులోంచి టోయింగ్ బిల్లు తీసి వెనకవైపు లెక్క మొదలెట్టింది. ఇవాళ ఆపేస్తే 16 వేలు పోయినట్టే. అది తిరిగి రాదు కనక దాన్ని వదిలేద్దాం. కానీ పక్క సందు ఆసామీ 45 ఇస్తానన్నది విప్పని కారుకి. ఇలా ముక్కలై పడున్నదానికి 25 మించి ఇవ్వడు, అడిగొచ్చిన కుర్రాడు అదే చెప్పాడు. అంటే ఇక్కడినుంచి 62 వేలు పెడితే లక్షన్నర కారు నిలబడుతుంది, పెట్టకపోతే చేతికి 25 వేలు. "దించమనడమే రైటు" అంది.

ఆ లెక్కలో తప్పు పట్టడానికి ఆ పూటంతా ప్రయత్నించాను. దొరకలేదు. మొదటిరోజు కంప్రెషన్ చూద్దామన్నప్పుడూ లెక్క సరైనదే. 32 వేలతో పోతుందేమో హెడ్ విప్పి చూద్దామన్నప్పుడూ సరైనదే. ఇవాళా సరైనదే. మొదటిరోజే ఎవరైనా 78 వేలు అవుతుందని కాగితం మీద రాసిచ్చి ఉంటే మాత్రం మేమిద్దరం ఒక్కమాటగా కారుని పక్క సందుకి తోసేసేవాళ్లం. ప్రతి మెట్టు దగ్గరా బుద్ధిగా ఆలోచించి, ఎవరూ కోరని చోటికి చేరాం. నాలుగు వందల అడుగుల దగ్గర బావగారు కూడా ఇలాంటి లెక్కే వేసి ఉంటారు. ఆయన దగ్గర కాగితం లేదు, అంతే.

గోడమీద అంకె ఎందుకు రాశారో అప్పటికి తెలిసింది. విప్పకముందు వేసే లెక్క వేరు, విప్పాక వేసే లెక్క వేరు. రెండోది ఎప్పుడూ "కానివ్వండి" అనే చెబుతుంది. ఆ సంగతి మేస్త్రికి తెలుసు. తెలిసీ మా చేత అంకె చెప్పించి గీత గీశారు, మేం దాటుతామనీ ఆయనకి తెలుసు.

"దించండి" అన్నాను.

చైను కప్పీ వేసి ఇంజన్‌ని పైకి లేపి, నెమ్మదిగా నేలమీద పాత టైరులోకి దించారు. మధ్యలో ఓ క్షణం గాలిలో తిరిగింది. పైపులూ వైర్లూ వేలాడుతున్నాయి. కుర్రాడు ఊగకుండా రెండు చేతులతో పట్టుకుని "మెల్లగా, మెల్లగా" అంటున్నాడు. మా ఆవిడ దగ్గరికెళ్లి దాని మీద చెయ్యి వేసింది. పేరు పెట్టి పిలుస్తుందేమోనని భయపడ్డాను.

మొత్తం 83 అయింది. అయిదు వేలు ఎక్కడినుంచి వచ్చాయని అడగలేదు. జూన్ నెలాఖరుకి కారు ఇంటికొచ్చింది, ఆగస్టులో ఆర్.సి. కూడా రెన్యువల్ అయింది. హైదరాబాదు రోడ్డెక్కినప్పుడల్లా మా ఆవిడ కంచికచర్ల దాటిందగ్గరనుంచి కిటికీలోంచి కాకుండా ముల్లు వంకే చూస్తూ కూర్చుంటుంది. నేను రోజూ పొద్దున్నే పోర్టికోలో గచ్చు మీద వంగి చూస్తాను. అంతకుముందు వాటర్ పంపు కారిన పచ్చటి మరక నెలల తరబడి అక్కడే ఉండేది. పనమ్మాయి తుడిచేది, నేను చూసీ చూడనట్టు పోయేవాణ్ని.

కొత్తగా కట్టిన ఇంజన్‌కి వెయ్యి కిలోమీటర్లకే ఆయిల్ మార్చాలంటే మళ్లీ షెడ్డుకి వెళ్లాను. బల్లమీద ఎవరిదో హెడ్ బోర్లా పడుకుని ఉంది. యజమాని కాబోలు, కుర్రవాడు, చొక్కా చేతులు మడిచి సిలిండర్లోకి వేలు పెట్టి ఉన్నాడు. గోడమీద మా నంబరు చెరిపేశారు. ఆ చోట ఇంకో నాలుగంకెలు, పక్కన 45, కింద గీత. గీత కింద, వేరే చేతిరాతతో, చిన్నగా 52.